పెరట్లోకి చీపురు రానివ్వని అత్తయ్యగారికి

అత్తయ్యగారూ,

తప్పు మీదే. పెరడు తగలబడిందంటే, వదినగారికీ నాకూ ఇన్నాళ్ళు మాటల్లేకుండా పోయాయంటే, ఇప్పుడు ఆ నేల మీద టైల్స్ పరుస్తామని అందరూ కూర్చుని తీర్మానం చేశారంటే... అన్నింటికీ మూలం మీరు. చెప్పాల్సిన ఒక్క మాట చెప్పకుండా వెళ్ళిపోయారు.

ఇక నమస్కారం. మీరు పోయి ఏడాది కావస్తోంది. వచ్చే నెలలో సంవత్సరీకం. నేను బాగానే ఉన్నాను. మీ అబ్బాయీ బాగానే ఉన్నారు. కొట్టు నడుస్తోంది. కాఫీలో పంచదార మానమని డాక్టరు చెప్పారు. ఆయన డాక్టర్ని మార్చారు.

పోయినవాళ్ళకి ఉత్తరాలు అందవని నాకు తెలుసు. ఆత్మలూ పితృలోకాలూ నమ్మనిదాన్నని మీకూ తెలుసు. "నమ్మకపోతే మానెయ్, గారెలు తినకపోతే మాత్రం ఊరుకోను" అని మావయ్యగారి తద్దినాల్లో నా విస్తట్లో వడ్డించేవారు. అయినా రాస్తున్నాను. మీతో వాదించడం ఈ ఇంట్లో నాకు అన్నం తిన్నంత అలవాటు. అది ఒక్కసారిగా ఆగిపోయింది. ఏం చెయ్యను?

పెద్దకర్మ ముందురోజు ఏం జరిగిందో ముందు చెప్పాలి.

నేను వీధి గదిలో ఉన్నాను. పలకరించడానికి వచ్చినవాళ్ళు కుర్చీల్లో కూర్చుని, మీరు ఎంత మంచివారో నాకు చెబుతున్నారు. పెరటి వైపు నుంచి పొగ వాసన వచ్చింది. వంటవాళ్ళు పొయ్యి రాజేశారనుకున్నాను. కానీ అది కట్టెల పొగ కాదు. మామిడాకు, పనసాకు, కొబ్బరి పీచు, పాత గోనెసంచీ అన్నీ కలిసి కాలుతున్న వాసన. లేచి పరుగెత్తాను.

మీ అమ్మాయి, మా రాజ్యం వదినగారు, పిఠాపురం నుంచి వచ్చిన క్షణం నుంచీ ఏడుస్తూనే ఉన్న మనిషి, కొంగు నడుముకి బిగించి, చేత్తో ఈనెల చీపురు పట్టుకుని నిలబడి ఉన్నారు. పెరడంతా ఊడ్చేశారు. వంగ మడిలో గడ్డి, మల్లె పాదులో పీచు, అరటి కింద ఎండాకు, నిమ్మచెట్టు చుట్టూ మీరు ఏళ్ళ తరబడి పొర మీద పొరగా వేసిన ఆకుల కప్పు... అంతా పారతో గీకించి గోడ మూలకి చేర్చి అగ్గిపుల్ల గీశారు. కింద బయటపడ్డ నల్లటి, తడి తడి మట్టి మీద పసుపునీళ్ళు కూడా చల్లారు.

వానపాములు ఎండలో మెలికలు తిరుగుతున్నాయి.

వదినగారి మొహంలో ఎంత తృప్తో... అమ్మ ఇంటిని అమ్మకి తగ్గట్టు చేశానన్న తృప్తి. రేపు ఇంతమంది భోజనాలకి వస్తారు, అమ్మ పెరడు ఇలాగుంటే పరువేం కానని ఆవిడ బాధ. మైల ఇల్లు కదా, ఎంత ఊడిస్తే అంత పుణ్యమని పక్కనున్నవాళ్ళ సలహా.

నేను అరిచాను. అత్త పోయిన ఇంట్లో, బంధువులందరి ముందూ. కాలేజీలో పాఠాలు, సభల్లో ఉపన్యాసాలు చెప్పి చెప్పి ఉన్న గొంతు, అది ఎంత దూరం పోతుందో మీకు తెలుసు. వీధి చివరిదాకా వినపడిందట. పాడె లేచినప్పుడు కంటతడి పెట్టని కోడలు ఎండాకుల కోసం ఏడ్చిందని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

నిజమే. ఎండాకుల కోసమే ఏడ్చాను. మీరు పోయారని నాకు అప్పుడే తెలిసింది.

నేను ఈ ఇంటికి వచ్చిన మర్నాటి ఉదయం మీకు గుర్తుందా? రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి, దండలు మార్చుకుని వచ్చినవాళ్ళం. తరాల నుంచీ కొట్టు నడుపుతున్న ఇంట్లో పంతులు లేని పెళ్ళేంటని మీవైపు వాళ్ళు సగం మంది మొహం చాటేశారు. నేనేమో యుద్ధానికి సిద్ధపడే వచ్చాను. కొత్త కోడలికి తెల్లారగానే చీపురు చేతికిస్తారు కదా... ఇవ్వనీ, అప్పుడు చెబుతాను. ఆడదాని విలువని వాకిలి నునుపుతో కొలిచే ఈ సమాజం... అని మొదలుపెట్టి ఎక్కడ ముగించాలో కూడా అనుకుని ఉంచుకున్నాను.

తీరా తెల్లారాక, పక్కింటి కామేశ్వరమ్మగారు పిట్టగోడ మీంచి నన్నే చూస్తున్నారు. నాకు నేనే చీపురు తీసుకుని పెరట్లోకి దిగాను. ఎవరూ ఇవ్వలేదు. ఎవరూ చెప్పలేదు. అంత విప్లవమూ ఆవిడ ఒక్క చూపుకి సరిపోయింది.

వంటింటి గుమ్మంలోంచి మీ గొంతు వినపడింది.

"అమ్మాయ్, చీపురు వీధి వాకిలి వరకే. పెరట్లోకి తేకు. ఆకు ఎక్కడ పడిందో అక్కడే ఉండనీ."

నా ఉపన్యాసం గొంతులోనే ఉండిపోయింది. తెచ్చుకున్న కత్తికి ఎదురే లేకపోతే ఎలా ఉంటుంది? చిన్నతనంగా అనిపించింది. కోపం కూడా వచ్చింది. తర్వాత ఇన్నేళ్ళూ మీమీద నాకున్న ప్రేమకి మొదలు ఆ కోపమే అనుకుంటాను.

వీధిలో మనకి పెట్టిన పేరు మీకు తెలుసు. అత్తకి నడుం వంగదు, కోడలికి ఒళ్ళు వంగదు. కామేశ్వరమ్మగారి పెరడు పొద్దున్నే చూస్తే అప్పుడే అలికినట్టు నున్నగా, చీపురు గీతలతో సహా కనపడేది. మన పెరట్లో అడుగు పెడితే కాళ్ళ కింద కరకరలాడేది. మీరు మాత్రం కాఫీ గ్లాసు పట్టుకుని గట్టు మీద కూర్చుని, "వాళ్ళ నేల నున్నగా ఉంది, మన నేల చల్లగా ఉంది. ఎవరికి కావాల్సింది వాళ్ళది" అనేవారు.

పాములొస్తాయని భయపెట్టారు మిమ్మల్ని. నూతి దగ్గర నుంచి దొడ్డి గుమ్మం దాకా మనం నడిచే దారి ఒక్కటీ శుభ్రంగా ఉంచి, "ఈ బాట మనది, మిగతాది వాటిది. మన దారికి అవి రావు, వాటి దారికి మనం పోవద్దు" అన్నారు. ఆకుల్లో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టేవారు. అంతే.

ఏ ఆకు ఎక్కడ వెయ్యాలో మీకో లెక్క ఉండేది. మునగాకు ఇట్టే మట్టిలో కలిసిపోతుంది కనక ఆకుకూరల మడికి. పనసాకు తోలులా ఉంటుంది, తొందరగా చివకదు కనక నిమ్మకీ జామకీ. కొబ్బరి డొక్కలు బోర్లించి అరటి పాదుల చుట్టూ. ఊక పల్చగా, అదీ ముందు నేల తడిపి ఆ తర్వాతే. "పొడి నేల మీద కప్పు వేస్తే పొడినే దాచిపెట్టినట్టు" అనేవారు. దాళ్వా వరి కోతలయ్యాక మీ తమ్ముడుగారి పొలంలో గడ్డి తగలబెడతారని కబురు తెలిస్తే చాలు, మీ అబ్బాయిని ఆటో పంపమని పోరేవారు. ఆటో నిండా వరిగడ్డి కట్టలు, మధ్యలో మీరు. కొట్టు ముందు దిగితే బేరానికి వచ్చినవాళ్ళు పశువులు కొన్నారా అండి అని అడిగేవారు.

ఇక్కడ నా వాదం వినాలి మీరు. ఎప్పుడూ సగంలో లేచిపోయేవారు, ఇప్పుడు పోలేరు.

నేల బోసిగా ఉంటేనే శుభ్రమని మనకి ఎవరు చెప్పారు? మన వీధిలో ఆడవాళ్ళందరూ తెల్లారకముందే నడుం వంచి, ఆ దుమ్మంతా పీల్చి, చెట్టు రాల్చినదాన్ని కుప్ప చేసి కాలుస్తారు. సాయంత్రం అదే నేలకి బిందెలతో నీళ్ళు మోస్తారు. నేల తాగినంతా ఎండ తాగేస్తుంది. వారం తిరిగేసరికి మొక్క వాడిందని బజారు నుంచి ఎరువు తెస్తారు. పొద్దున్న కాల్చినదాన్నే సాయంత్రం సంచిలో కొనుక్కునే తెలివికి శుచి అని పేరు. ఇంటికి చుట్టాలు వస్తే పెరట్లో ఆకు కనపడినందుకు సిగ్గుపడతాం. పొగకి దగ్గే పసిపిల్లని చూసి మాత్రం సిగ్గుపడం. ఎందుకని?

ఎందుకంటే చీపురు పట్టేది ఆడది కనక. ఆ నడుం నొప్పి ఖర్చు కింద ఎవరూ రాయరు కనక. ఇదే నేను పత్రికలో రాశాను. మీరు కూడా...

ఇంక నా పత్రికల సంగతి ఎత్తక తప్పదు.

మేం నలుగురు స్నేహితులం కలిసి నడిపిన పత్రికలో అమ్ముడుపోని కాపీలన్నీ మన అటక మీదకి చేరేవి. ఒక ఆషాఢంలో నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అటక ఖాళీ. పెరట్లో వంగ మడి నిండా కాగితాలు. స్త్రీల ఇంటి చాకిరీ మీద నేను చెమటోడ్చి రాసిన వ్యాసం నారు మొక్కల మధ్య తడిసి ముద్దయి ఉంది. దానిమీద మీరు ప్రశాంతంగా గడ్డి పరుస్తున్నారు.

"నీ మాటలు జనానికి దిగడం లేదని బాధపడ్డావు కదా అమ్మాయ్. నేలకి దిగుతాయేమో చూద్దాం."

ఆ సాయంత్రం కాఫీ కూడా తాగలేదు నేను. వర్షాలు పడ్డాక ఒకరోజు మీరే పిలిచి గడ్డి పైకెత్తి చూపించారు. కాగితం ఎక్కడిదక్కడ పల్చబడి, తెల్లటి దారాల్లాంటి బూజు అల్లుకుని, అక్కడక్కడా ఒక అక్షరం, ఒక కామా మిగిలి ఉన్నాయి. వానపాములు నా వాక్యాల్లోంచి తలలెత్తి చూస్తున్నాయి. పరిచేముందు కనీసం చదివారా అని అడిగాను, కసిగానే.

"చదివే పరిచాను. రెండో పేజీలో కోపం కాస్త ఎక్కువైంది."

నిజంగానే రెండో పేజీలో ఎక్కువైంది, అత్తయ్యగారూ. అంత సూటిగా నా రాతని ఎవరూ ఎప్పుడూ అంచనా కట్టలేదు. ఆ ఏడు వంకాయలు మాత్రం... గుత్తివంకాయ కూర చేసి కాలేజీలో స్టాఫ్ రూముకి పంపించి, "ఇవి మా కోడలి వ్యాసాలు అని చెప్పు" అన్నారు.

అలాగని మీరేమీ దేవత కాదు. పోయినవాళ్ళందర్నీ పటాలు కట్టి దేవతల్ని చేసే అలవాటు నాకు లేదు. చెరకు రసం బండి దగ్గర పిప్పి ఊరికే పారేస్తున్నారని బస్తా నిండా తెచ్చి, తీపీ తడీ ఆరకముందే కరివేపాకు చుట్టూ పోశారు. వద్దని చెప్పాను. వింటేనా? గండుచీమలు బారులు తీరి, చెట్టెక్కి, గోడెక్కి, వంటిల్లు దాటి కొట్లో బెల్లం దిమ్మల దాకా వెళ్ళాయి. మీ అబ్బాయి లబోదిబోమంటుంటే మీరు, "పోనీలే, చీమలకి కూడా మన కొట్టు పేరు తెలిసింది" అన్నారు. తప్పు ఒప్పుకోలేదు. తర్వాత్నుంచీ మాత్రం పిప్పిని మేడ మీద బాగా ఎండబెట్టాకే కిందికి దింపేవారు.

సన్నజాజిని కూడా మీరే చంపారు. ప్రేమ ఎక్కువై మొదలు చుట్టూ మెడ దాకా కప్పేశారు. వానలకి మొదలు కుళ్ళిపోయింది. నా కాఫీ పొడి పిప్పి వెయ్యడం వల్లే పోయిందని నామీదకి తోశారు. ఆ మర్నాడు చూస్తే ప్రతి చెట్టు మొదలు దగ్గరా జానెడు ఖాళీ. ఏమీ ఎరగనట్టు నాకే చెప్పారు, "మొదలుకి తగలనివ్వకూడదమ్మాయ్, ఊపిరాడదు" అని. నవ్వొచ్చింది. ఇప్పుడు తలుచుకున్నా వస్తోంది. ఎవరితో నవ్వను?

మీరు పోయింది మాఘంలో. పెద్దకర్మ అయింది, చుట్టాలు వెళ్ళారు, ఎండలు వచ్చాయి. ఊడ్చిన పెరడు ఎలా ఉంటుందో నేను మొదటిసారి చూశాను. వేసవికి కాలువలకి నీళ్ళు ఆపేశాక నూతిలో నీళ్ళు దిగిపోయాయి. పొద్దున్న పోసిన నీళ్ళు మధ్యాహ్నానికి జాడ లేవు. నేల నెర్రెలిచ్చి, నెర్రెల్లో చెయ్యి పట్టేంత అయింది. వంగ పోయింది. కనకాంబరాలు పోయాయి. ఎండాకాలమంతా ఇల్లంతా వాసన వేసే మీ మల్లెచెట్టు మొగ్గ తొడక్కుండానే ఎండిపోయింది. నీళ్ళు మోసీ మోసీ నా భుజం పట్టేసింది.

మీ అబ్బాయి ఏం చేశారో తెలుసా? ఒకరోజు తణుకు నుంచి నల్లటి ప్లాస్టిక్ షీటు చుట్ట తెచ్చారు. ఫోన్లో వీడియోలు చూశారట. అమ్మ చేసినదానికే మల్చింగ్ అని పేరు, ఇప్పుడు షీట్లు వచ్చాయి, ఊడవక్కర్లేదు, చీమలు రావు అని చెబుతుంటే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని మడుల మీద పరిచి, బ్లేడుతో గుండ్రంగా కోసి మొక్కలు నాటారు. నేను ఒక్క మాట అనలేదు. నమ్ముతారా? నేను.

రోహిణి కార్తెలో ఆ షీటు అంచు ఎత్తితే పొయ్యి మీది మూత ఎత్తినట్టు ఆవిరి కొట్టింది. మట్టికి మట్టి వాసన లేదు. వేసిన మొక్కలు ఉడికిపోయాయి. ఆయనే వచ్చి రెండో అంచు పట్టుకున్నారు. ఇద్దరం చుట్ట చుట్టి స్కూటరు మీద కప్పాం. మర్నాటి నుంచీ మిల్లు నుంచి ఊక, రసం బండి నుంచి పిప్పి, కొబ్బరికాయల కొట్టు నుంచి పీచు ఆయనే మోస్తున్నారు. పిప్పి మేడ మీద ఎండబెట్టడం కూడా ఆయన పనే. మీరుంటే ఏమనేవారో?

తొలకరి పడ్డాక గోడ మూల, సరిగ్గా మంట పెట్టినచోట, కంద మొలిచింది. మీరు ఎప్పుడు పాతారో మాకు తెలియదు. బచ్చలి తెచ్చి కందా బచ్చలి వండాను. ఆవ కాస్త ఎక్కువైంది. ఇప్పుడు కప్పు మళ్ళీ చీలమండ దాకా వచ్చింది. చెయ్యి పెడితే చల్లగా తగులుతోంది. మల్లె మాత్రం రాలేదు. వేరే అంటు తేవడానికి నాకే మనసొప్పలేదు.

ఇంతలో టైల్స్ గొడవ.

కార్తీకమాసంలో పిఠాపురంలో అందరూ కలిశారు. నేను వెళ్ళలేదు. సంవత్సరీకానికి జనం వస్తారు కదా, పెరడంతా చదును చేయించి టైల్స్ వేయిద్దాం, అమ్మ జ్ఞాపకంగా ఉంటుంది అని వదినగారు ప్రతిపాదించారట. అందరూ తల ఊపారట. మీ అబ్బాయి తల ఊపలేదట. అడ్డంగానూ ఊపలేదట.

పొగ వచ్చిన రోజు తర్వాత మొదటిసారి నేను వదినగారికి ఫోన్ చేశాను. పోట్లాడటానికే చేశాను.

ఆవిడ నన్నే అడిగారు. వచ్చినప్పుడల్లా పెరడు చెత్తతో నిండి ఉండేదట. ఎందుకిలా ఉందమ్మా అంటే మీరేం చెప్పేవారో ఆవిడ మీ గొంతుతోనే చెప్పారు. "ఈమధ్య ఒంట్లో బాగుండక ఊడవలేదే." ప్రతిసారీ అదే మాటట. కొడుకూ కోడలూ ఉన్న ఇంట్లో మా అమ్మ చెత్తలో బతుకుతోందని ప్రతిసారీ తిరుగు బస్సులో ఏడ్చుకుంటూ వెళ్ళేదాన్నని చెప్పారు. అందుకే పోయాకైనా శుభ్రమైన పెరట్లోంచి సాగనంపాలనుకున్నారట.

మీరు అబద్ధం చెబుతున్నారని నాకు ముందే తెలుసు. ఒకసారి ఆవిడ వెళ్ళాక నేను నిలదీశాను కూడా. మీరు నిమ్మ పాదు దగ్గర కూర్చుని ఆకులు సర్దుతూ, నావైపు చూడకుండా చెప్పారు.

"అది పెళ్ళయి వెళ్ళిన ఏడు ఊడ్చే దిక్కు లేక వదిలేశానమ్మాయ్. ఆ వేసంగిలో మల్లె వాడలేదు. ఆకు పని ఆకు చేసుకుంటోందని అప్పుడు తెలిసింది. బళ్ళోకి వెళ్ళే పిల్లని చీకటితో లేపి అన్నేళ్ళు ఊడ్పించాను. అదంతా అక్కర్లేదే అని ఇప్పుడు దానికి ఏ నోటితో చెప్పను?"

ఆ నోటితోనే చెప్పాలి, అత్తయ్యగారూ. వేరే నోరు ఎక్కడుంది?

మీరు చెప్పలేదు కనక నేను చెప్పేశాను. ఫోన్లోనే. అన్నీ. మీరు నిమ్మ పాదు దగ్గర అన్న మాటలు అన్నట్టుగా. ఆవిడ చాలా నెమ్మదిగా మాట్లాడారు. నిన్ను వచ్చిన మర్నాడే చీపురు పట్టొద్దందన్నమాట, అన్నారు. నేను నా పెళ్ళినాడు కూడా తెల్లారి లేచి ఊడ్చాను ఆ పెరడు, పసుపు బట్టలతోనే... అన్నారు. ఇప్పుడు టైల్స్ వేసి తీరతాను, ఆ నేల మీద ఇంకెవ్వరూ నడుం వంచకూడదు, అన్నారు.

నేను వాదనల్లో పుట్టి పెరిగినదాన్ని. నాకు జవాబు దొరకలేదు. ఆవిడది చీపురు మీద కోపం. నాదీ అదే. ఆవిడకి చదువుకోవాల్సిన పొద్దులు పోయాయి. నేను దాని మీద వ్యాసాలు రాసి పేరు తెచ్చుకున్నాను. ఎవరి కోపం పెద్దది?

ఫోన్ పెట్టాక వచ్చి గట్టు మీద కూర్చున్నాను, మీరు కూర్చునేచోట. మామిడాకు ఒకటి రాలి బాట మీద పడింది. ఆ నున్నటి బాట మీద అది చెత్తలాగే కనపడింది. తియ్యాలనిపించింది. దాని పక్కనే కప్పు మీద అలాంటివి వంద పడి ఉన్నాయి, ఒక్కటీ కంటికి ఆనలేదు. అప్పుడు దొరికింది జవాబు. టైల్స్ మీద పడే ప్రతి ఆకూ చెత్తే. వాటిని రోజూ ఎవరో ఒకరు ఊడవాలి, ఆ ఎవరో ఒకరు ఎవరో నాకూ ఆవిడకీ తెలుసు. నడుం వంచక్కర్లేని నేల ఒక్కటే ఉంది. అది మీరు చేసినది.

ఇది ఆవిడకి ఫోన్లో చెప్పను. వచ్చాక పెరట్లోకి తీసుకెళ్ళి చెబుతాను. ఒప్పుకుంటారో లేదో తెలియదు. మీ కూతురు కదా.

మిగతావాళ్ళ కోసం డిమాండ్లు రాసుకున్నాను. సంవత్సరీకం నాడు భోజనాలకి ముందే చదువుతాను, ఎవరేమనుకున్నా సరే. ముందు మీకు వినిపిస్తున్నాను.

ఒకటి. పెరట్లో టైల్స్ పరచకూడదు. వంట మేడ మీద, భోజనాలు వీధి వైపు పందిట్లో.

రెండు. ఈ ఇంట్లో ఆకు కాల్చకూడదు. మైల పేరుతో కాదు, మర్యాద పేరుతో కాదు.

మూడు. ఊడ్చి తీరాలని ఎవరికైనా అనిపిస్తే, వచ్చిన మగవాళ్ళు ఊడవాలి. నేను కుర్చీ వేసుకుని చూస్తాను.

నాలుగు. ఈ నేల ఇలా ఎందుకుందని ఏ పిల్ల అడిగినా కారణం చెప్పాలి. ఒంట్లో బాగులేదని చెప్పకూడదు.

ఐదు. రాజ్యం వదినగారి చేతికి ఈ ఇంట్లో ఎవరూ చీపురు ఇవ్వకూడదు. ఆవిడ తీసుకుంటే లాక్కోవాలి.

ఆరు. ఇది మీకు. మీ అమ్మాయికి మీరు క్షమాపణ చెప్పాలి. మీరు రాలేరు కనక, ఆవిడ బస్సు దిగగానే మీ మాటగా నేనే చెబుతాను. నేను నమ్మని లోకమేదైనా ఉండి మీరు అక్కడ ఉంటే, దయచేసి అడ్డు రాకండి.

మీ కోడలు